పౌర్ణమినాడు ఏట్లో నిలిపిన బండి

ఆ రోజుల్లో నాకు రెండింటి మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి భగవంతుడి మీద, రెండోది నేను మోటార్‌సైకిల్ నడిపే తీరు మీద. మొదటిది ఇప్పటికీ చెక్కుచెదరలేదు, అంతా ఆయన దయ. రెండోదాన్ని మాత్రం గోదావరి తనలో కలిపేసుకుంది. అది ఎలా జరిగిందో తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా చెవులు వేడెక్కుతాయి. (నా భార్య ఈ కథ చుట్టాలందరికీ చెబుతుంది. ఆవిడ చెప్పే కథలో బండి పూర్తిగా మునిగిపోతుంది, నేను ఏడుస్తాను. ఆ రెండూ అబద్ధాలే కాబట్టి నేనే రాసి పెడుతున్నాను.)

మాది అనంతపురం వైపు ఒక పల్లె. అక్కడ రోడ్డంటే నేరుగా గీసిన గీత. ఎదురుగా బస్సు వస్తుంటే అది చీమంత ఉన్నప్పుడే కనిపిస్తుంది. అది దగ్గరికొచ్చేలోగా ఆలోచించుకోవచ్చు, దణ్ణం పెట్టుకోవచ్చు, పక్కకి తప్పుకోవచ్చు. అడ్డం వచ్చేవి గొర్రెలూ ఎదురుగాలీ తప్ప ఇంకేమీ ఉండవు. అలాంటి రోడ్డు మీద బండి నేర్చుకున్నవాడు తనని తాను గొప్ప సారథి అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. పైగా నేను చిన్నప్పటి నుంచి సత్సంగంలో పెరిగినవాణ్ణి. స్తోత్రాలన్నీ కంఠస్థం, ఆదివారాలు పిల్లలకి పాఠం చెప్పడం అలవాటు. శరీరం రథమనీ, ఇంద్రియాలు గుర్రాలనీ, మనసు పగ్గమనీ చెప్పే పాఠం వచ్చినప్పుడల్లా కిటికీలోంచి నా బండి వైపు చెయ్యి చూపించేవాణ్ణి. 'పగ్గం చేతిలో ఉంటే ఏ దారైనా ఒకటే' అనేవాణ్ణి. ఆ పిల్లల్లో ఒక్కడు కూడా 'ఏ దారైనానా సార్?' అని అడగలేదు. అడిగి ఉంటే నాకు కొంత మేలు జరిగేది.

ఎరువుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పల్లెపల్లెకీ తిరిగి రైతులకి మందులూ మోతాదులూ చెప్పే పని. వేసింది కోనసీమలో. బండిని రైల్లో పార్సిల్ చేసి రాజమండ్రిలో దించుకుని, వంతెన దాటి, ఏటిగట్టు పట్టుకుని దర్జాగా బయల్దేరాను. అరగంట తిరక్కుండానే అర్థమైంది, నేను నేర్చుకున్నది వేరు, ఇక్కడ కావాల్సింది వేరని. ఒకపక్క కాలువ, ఇంకోపక్క చేలకి నీళ్ళు పోయే బోదె, మధ్యలో రోడ్డు అనే పేరుతో ఒక పట్టీ. ఆ పట్టీని మనుషులు ప్రయాణానికి వాడుకుంటారనుకోవడం నా అమాయకత్వం. అది వాళ్ళ పెరడు, వాకిలి, కళ్ళం, రచ్చబండ. కొబ్బరి డొక్కలు దాని మీదే ఆరతాయి, గడ్డిమోపులు దాని మీదే దొర్లుతాయి, గేదెలు దాని మీదే ఆలోచించుకుంటాయి. పెళ్ళయితే షామియానా దానికి అడ్డంగానే వేస్తారు. (మొదటి వారంలోనే అలాంటి షామియానా ఎదురైంది. దారెటని అడిగితే ఒక పెద్దాయన, "దారికేవుందండి, ముందు భోంచెయ్యండి" అని చెయ్యి పట్టుకుని బంతిలో కూర్చోబెట్టాడు. వధూవరులెవరో ఇప్పటికీ నాకు తెలియదు. పనసపొట్టు కూర మాత్రం బాగా గుర్తుంది.)

ఇక హెల్మెట్టు. అక్కడ దాన్ని పెట్టుకున్న మనిషిని నేనొక్కణ్ణే. ఊరిమధ్య ఆగితే చుట్టూ చేరేవారు. "ఏంటండీ ఆ బుర్రకాయి, చెట్టు మీంచి కొబ్బరికాయ పడుద్దని భయవా?" అని ఒకడు. "కాదెహె, ఆయనెవరో ఇనస్పెక్టరు" అని ఇంకొకడు. ఇన్‌స్పెక్టరు కాదు, ఎరువులాయన అని తేలాక వాళ్ళ గౌరవం కాస్త తగ్గేది. లిఫ్టు అడిగే ధైర్యం మాత్రం పెరిగేది. ఆ సీమలో చెయ్యెత్తిన మనిషిని ఎక్కించుకోకుండా పోయేవాడు లేడు. ఎక్కిన మనిషి ఊరుకోడు. "నిదానంగా పోనివ్వండి... ఆఁ, ఇక్కడ గుంట ఉంటదండి... మీరు చూడలేదా, ఇప్పుడు దిగింది అదే" అంటూ వెనకనుంచి వ్యాఖ్యానం. గుంటలో దిగాక చెప్పడం వాళ్ళ మర్యాదలో భాగమని చాలా రోజులకి గ్రహించాను. ముందే చెబితే నాకు దారి తెలియదన్నట్టు ఉంటుంది కదా! ఆ గుంటలు పూడ్చాల్సిన వాళ్ళకీ అదే మర్యాద అబ్బింది. ఎన్నికల ముందు వచ్చి గుంటకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయేవారు.

వేసవిలో దాళ్వా పంట కోతలప్పుడు మొదటిసారి పడ్డాను. రోడ్డుకి సగం మేర ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉంది. ఎదురుగా ట్రాక్టరొస్తుంటే, మా వైపు కంకరలోకి దిగినంత ధీమాగా ధాన్యంలోకి దిగాను. బండికి కోపం రాలేదు, కుదుపు లేదు, చప్పుడు లేదు. చంటిబిడ్డని మంచం మీద పడుకోబెట్టినట్టు నన్ను ఒక పక్కకి పడుకోబెట్టి, తనూ పక్కనే పడుకుంది. "అయ్యయ్యో, అయ్యయ్యో" అంటూ ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. ఆ జాలికి నా కళ్ళు చెమర్చాయి. "ఏమీ కాలేదమ్మా, బాగానే ఉన్నా" అన్నాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళి, "ధాన్యవంతా బోదెలో కలిపేసేరు కదండీ! లెగండి, ఆ కాలు కింద ఉన్నయ్యి కూడా నావే" అంది. చొక్కా జేబులోవి కూడా దులిపి ఇచ్చి వచ్చాను.

ఇలాంటివి ఎన్ని జరిగినా నా నమ్మకం సడలలేదు. తప్పు రోడ్డుదన్నాను, ధాన్యానిదన్నాను, ట్రాక్టరుదన్నాను. సారథిది అనలేదు.

నేను అద్దెకున్నది ఒక రిటైర్డు లెక్కల మాస్టారి మేడ మీద గదిలో. ఆ ఊరి గుళ్ళో సహస్రనామ పారాయణ గోష్ఠికి ఆయనే పెద్ద. ప్రతి శనివారం సాయంత్రం ఊళ్ళో పెద్దలంతా చేరి పారాయణ చేసేవారు. ఎక్కడైనా ఒక విసర్గ జారిందో, ఆయన కళ్ళు తెరవకుండానే చూపుడువేలు పైకెత్తేవారు. వందమంది గొంతుల్లో ఏ గొంతులో జారిందో ఆయనకి తెలిసిపోయేది. అందుకని ఊరంతా ఆయన్ని చాటుగా విసర్గ మాస్టారనేవారు. ఎదురుగా మాత్రం మాస్టారండీ, మాస్టారండీ అని వంగేవారు. నాకు ఆ గోష్ఠి చూస్తే ప్రాణం లేచొచ్చింది. పరాయి ఊళ్ళో, అలవాటు లేని తేమలో, ప్రతి మనిషీ 'అండి' తగిలించి మాట్లాడుతుంటే నా మాట నాకే మోటుగా వినిపిస్తున్న కాలంలో, ఆ నామాలు మాత్రం మా ఊళ్ళో ఎలా ఉన్నాయో అక్కడా అలాగే ఉన్నాయి. అక్కడ నేను పరాయివాణ్ణి కాను. కళ్ళు మూసుకుంటే మా నాన్న పక్కన కూర్చున్నట్టే ఉండేది.

అంతటితో తృప్తి పడి ఉంటే బాగుండేది. ఏటా పారాయణ సమాప్తి పౌర్ణమినాడు జరిగేది. ఆ రోజు ఒకరు మైకు ముందు కూర్చుని ముందు గొంతు ఎత్తాలి, మిగతా గోష్ఠి అందుకోవాలి. ఆ చోటు నాకు కావాలని కోరిక పుట్టింది. భక్తి అనే చెప్పుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే, గుళ్ళో ముందు వరుస కోసం మనం పడే పాట్లన్నీ స్వామికి దగ్గర కావడానికి కాదు, మైకుకి దగ్గర కావడానికి. ఆ వరుసలో చోటు కోసం తమ్ముణ్ణి మోచేత్తో నెట్టి, ఆ చేత్తోనే తీర్థం పుచ్చుకున్న వాళ్ళని చూశాను. నేనూ మోచేతులు సిద్ధం చేసుకున్నాను. ఒకరోజు మాస్టారి దగ్గర మెల్లగా ఎత్తాను, "నాకు పూర్తిగా నోటికి వచ్చండి, పుస్తకం అక్కర్లేదు" అని. ఆయన కళ్ళజోడు మీంచి చూశారు. "నోటికి రావడం సరేనండి. నిన్న మన గుమ్మంలో స్టాండు వెయ్యబోయి తులసికోట మీదకి ఒరిగేరు. నిలబెట్టడం రావాలి కదండీ" అన్నారు. లోపల్నుంచి ఆయన భార్య, నేను పిన్నిగారనే ఆవిడ, "పోనిద్దురూ, కుర్రోడు పాపం" అన్నారు. ఆ పాపం అనే మాట నాకు మరీ గుచ్చుకుంది.

సమాప్తి రోజు మధ్యాహ్నం అవకాశం దానంతటదే వచ్చింది. ఆ సాయంత్రం ప్రవచనం చెప్పాల్సిన శాస్త్రిగారు ఏటి అవతల లంకలో ఉంటారు. లంకంటే రెండు పాయల మధ్య ఉన్న దీవి. ఆయన్ని కారులో తీసుకొస్తానన్న దాతగారు కారుని పెళ్ళివారికి ఇచ్చేశారు. (ఆ దాతగారి పేరు మైకులో మాత్రం ఆ రోజు ఎన్నోసార్లు చదివారు.) మాస్టారు గుడి మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నారు.

"నేను తీసుకొస్తానండి" అన్నాను.

"దేని మీదండి?"

"నా బండి మీద."

మాస్టారు చాలాసేపు నా బండి వైపే చూశారు. "శాస్త్రిగారు పెద్దవారండి" అన్నారు చివరికి.

"నేను జాగ్రత్తగా తెస్తాను. దీపాలు పెట్టేవేళకి ఇక్కడుంటాం. మరి తెస్తే..."

ఆయనకి నా మనసులో మాట అర్థమైంది. లెక్కల మాస్టారు కదా, బేరం త్వరగా పట్టుకున్నారు. "పొద్దుగూకేలోపు శాస్త్రిగారు పొడిబట్టలతో, పూర్తి అవయవాలతో ఈ మెట్టు మీద కాలు పెడితే, ఈవేళ మైకు మీదేనండి" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను మాత్రం పంచె ఎగ్గట్టి, ఉత్తరీయం నడుముకి చుట్టి, పగ్గాలు పట్టినవాడిలా హ్యాండిలు పట్టుకున్నాను.

రేవు దాకా సాఫీగానే వెళ్ళాను. రేవంటే గట్టు మీంచి ఏట్లోకి జారే ఇసుక దారి. కింద, నీళ్ళ అంచున, ఒక పడవ. దాని సరంగు, అంటే పడవ నడిపేవాడు, చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. ఒడ్డుకీ పడవకీ మధ్య ఒక పలక వేసి ఉంది. నేను చూస్తుండగానే ఒకాయన బండి దిగకుండా, బండి మీద ఇద్దరు ఆడవాళ్ళనీ ఒక గంపనీ దించకుండా, ఆ పలక మీదుగా చప్పున పడవలోకి ఎక్కించేశాడు.

"తవరూ ఎక్కించేయండి" అన్నాడు సరంగు.

"వద్దన్నా. అవతల ఊరు దగ్గరే కదా. బండి ఇక్కడే పెడతా" అన్నాను, నడక ఆరోగ్యానికి మంచిదన్న ధోరణిలో.

"ఇక్కడా? ఇక్కడొద్దండి. గట్టు మీద పెట్టండి, పాక పక్కన. నీళ్ళొస్తాయి."

ఆ జారుడు ఇసుకలోంచి దిగడానికే నాకు తల ప్రాణం తోకకి వచ్చింది. మళ్ళీ పైకెక్కించే ఓపిక లేదు. అదీగాక, మా వైపు ఏరంటే ఇసుక. మేం ఏట్లో బండ్లు పెట్టుకుంటాం, తిరునాళ్ళు చేసుకుంటాం, క్రికెట్ ఆడుకుంటాం. నీళ్ళనేవి ఎప్పుడో పైన ఎక్కడో వాన పడి, పత్రికల్లో వచ్చి, తర్వాత ఏట్లోకి వస్తాయి. ఆకాశం వైపు చూశాను. మబ్బు తునక లేదు.

"వానే లేదు కదన్నా, నీళ్ళు యాడనుంచి వస్తాయి?" అన్నాను.

సరంగు చుట్ట నోట్లోంచి తీశాడు. "వానకేటి సంబంధవండి..." అని ఏదో చెప్పబోయి, నా పంచెనీ నుదుటి నామాన్నీ బండినీ వరసగా చూసి, "సరేలెండి. తవరిష్టం" అన్నాడు. గోదావరి మనిషి 'తవరిష్టం' అన్నాడంటే ఆ పని చెయ్యకూడదని అర్థం. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. నీళ్ళకి దగ్గరగా గట్టి ఇసుక చూసి, స్టాండు కింద ఒక చెక్కముక్క పెట్టి, బండిని అందంగా నిలబెట్టాను. తులసికోట మీదకి ఒరిగానన్న మాస్టారు చూసి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను.

శాస్త్రిగారు డెబ్భై దాటిన మనిషి. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఏదో నవ్వుని నోట్లో దాచుకున్నట్టు ఉండేవారు. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం నిద్ర లేచి ముఖం కడుక్కుంటున్నారు. కాఫీ అన్నారు. కాఫీ అయ్యాక పెసరట్లు అన్నారు. పెసరట్లయ్యాక, "మీదే ఊరు బాబూ?" అని మొదలుపెట్టి మా తాతగారి వరకూ వెళ్ళారు. నాకు లోపల కంగారు. ఆ కంగారులో కూడా నా పాండిత్యం చూపించుకోవడం మానలేదు. దారిలో, పడవ కోసం నడుస్తూ, మా సత్సంగంలో నేను చెప్పే ఉపమానం ఒకటి ఆయనకి వినిపించాను. "నిండు చంద్రుణ్ణి చూసి సముద్రం పొంగినట్టు, స్వామిని చూసి భక్తుడి హృదయం పొంగాలండి" అన్నాను.

"చాలా బాగుంది" అన్నారాయన. "ఈవేళ పౌర్ణమే కదా."

"అవునండి, పొద్దున సంకల్పంలో తిథి నేనే చెప్పాను" అన్నాను.

పడవ ఏటి మధ్యకి వచ్చాక ఇవతలి ఒడ్డు నాకు కొత్తగా కనిపించింది. వెళ్ళేటప్పుడు ఉన్న ఇసుక లేదు. నీళ్ళు గట్టు మొదట్లో ఉన్నాయి. వాటి మధ్యలోంచి రెండు గుండ్రటి అద్దాలు బయటికి తేలి, అస్తమించే ఎండలో మెరుస్తున్నాయి. కొంచెం కిందుగా పెట్రోలు ట్యాంకు వీపు, ఈత కొడుతున్న గేదె వీపులా నున్నగా కనిపించి, అల వచ్చినప్పుడల్లా మాయమవుతోంది. నేను ఏళ్ళ తరబడి చెప్పిన ఉపమానంలో చంద్రుడున్నాడు, సముద్రం ఉంది, పొంగడం ఉంది. ఆ పొంగిన నీళ్ళు ఎక్కడికో అక్కడికి వెళ్తాయని, వెళ్ళి ఏట్లోకి ఎక్కుతాయని మాత్రం ఒక్కసారీ తట్టలేదు. ఆ నీళ్ళని ఇక్కడివాళ్ళు పోటంటారట. రోజూ వస్తాయట. పౌర్ణమికి మరీ ఎక్కువ వస్తాయట. వాటికి వానతో పని లేదట. ఇదంతా పడవలో ఉన్న ప్రతి ఒక్కరూ, ఒకరి తర్వాత ఒకరు, ఎంతో గౌరవంగా నాకు చెప్పారు.

శాస్త్రిగారు నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. "అదేనా బాబూ మీ బండి?"

"అదేనండి."

"పుణ్యాత్మురాలు. పౌర్ణమి స్నానం చేస్తోంది" అన్నారు.

నేను పడవ ఆగకముందే దూకాను. నడుము దాకా నీళ్ళు, మోకాళ్ళ దాకా బురద. బండిని పట్టుకుని లాగితే అది రాలేదు, నేను మాత్రం ఇంకాస్త దిగాను. సరంగు నిదానంగా ఒక తాడు తెచ్చి, దాని హ్యాండిలుకి కట్టి, రెండో కొస గట్టు మీద గుంజకి బిగించాడు. "ఎక్కడికీ పోదు లెండి. తెల్లారగట్ల పాటుకి నీళ్ళు తీసేత్తాయి, అప్పుడు పట్టుకెళ్దురుగాని" అన్నాడు. ముందే చెప్పాను కదా అని ఒక్కమాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

పొద్దు వాలిపోతోంది. గుడి మైకు కాలువల మీదుగా స్పష్టంగా వినిపిస్తోంది. నాకు మైకు దక్కదన్న బాధ ఒకటి, ఊరంతా ఎదురుచూస్తున్న పెద్దమనిషిని ఏటిగట్టున నిలబెట్టేశానన్న భయం ఇంకొకటి. సరంగు పాక పక్కన ఒక పాత మోపెడ్ ఉంది. చేతులు జోడించాను. "అన్నా, ఆ బండి ఇస్తే పొద్దున్నే తెచ్చిస్తా."

సరంగు తల గోక్కున్నాడు. మొహమాటంతో మెలికలు తిరిగిపోయాడు. "బండికేవుందండి, తీసుకెళ్ళండి. కాపోతే... తవరేవనుకోకపోతే... శాస్త్రిగారు తోలేటట్టయితే ఇత్తానండి."

"నేనా?" అన్నారు శాస్త్రిగారు. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. అప్పటికే పంచె పైకి దోపుకుంటున్నారు.

అలా బయల్దేరాం. ముందు శాస్త్రిగారు, వెనక నేను, నా ఒళ్ళో ఆయన పుస్తకాల సంచి. నా పంచెలోంచి నీళ్ళు రోడ్డంతా గీత గీస్తున్నాయి. ఆయన నడపడం చూసి నాకు సిగ్గూ ఆశ్చర్యమూ రెండూ కలిగాయి. ఆయనకి తొందర లేదు, ఆగడమూ లేదు. ధాన్యం వచ్చిన చోట రెండు కాళ్ళూ కిందకి జార్చి, బాతు నడిచినట్టు దాటేశారు. తూము మీద ఎదురొచ్చిన బండివాడితో 'మీరు రండి' 'తవరు రండి' అనే తంతు ముగిశాక, ఇద్దరూ ఒకేసారి కదిలి, ఒకరి భుజం ఒకరికి రాసుకుంటూ వెళ్ళిపోయారు. గేదె అడ్డం నిలబడితే ఆగి, "అమ్మా, తల్లీ" అని పలకరించారు. అది తప్పుకుంది. (నేను ఎన్నో రోజులుగా వాటికి హారన్ కొట్టేవాణ్ణి. అవి నా వైపు తిరిగి నెమరేసేవి.) గుమ్మాల్లో ఉన్నవాళ్ళు, "ఏంటండి శాస్త్రిగారూ, వెనకాల ఎవరండి, తడిసిపోయేరు?" అని కేక వేస్తే, "మన సారథిగారేనండి" అని ఆయన కేక వేసేవారు.

దీనికి తోడు మైకు. మాస్టారు జనాన్ని కూర్చోబెట్టడానికి అటునుంచి ప్రకటిస్తున్నారు. "భక్తులు ఆందోళన చెందవద్దు. పూజ్యులు శాస్త్రిగారిని మన ఎరువుల కంపెనీ అబ్బాయి స్వయంగా తన వాహనం మీద తీసుకొస్తున్నారు. ఆ అబ్బాయి వాహనం నడపడంలో..." ఇక్కడ ఆయన ఒక్క క్షణం ఆగారు. అబద్ధం ఆడే అలవాటు లేని మనిషి. "...ఎంతో ఉత్సాహం కలవారు." ఆ మాట చేలన్నిటి మీదుగా వచ్చి నా తడిబట్టలకి తగిలింది. ముందున్న శాస్త్రిగారి భుజాలు ఊగుతుంటే గతుకులేమో అనుకున్నాను. కాదు, నవ్వుతున్నారు.

గుడి ముందు మోపెడ్ ఆగేసరికి ఊరు ఊరంతా మెట్ల మీద ఉంది. ముందు నుంచి శాస్త్రిగారు దిగడం, వెనకనుంచి నేను బురద కాళ్ళతో దిగడం అందరూ చూశారు. ఒక్కరూ నవ్వలేదు. అంతమంది ఒకేసారి నవ్వు ఆపుకుంటే ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. అది నవ్వడం కన్నా అన్యాయం. మాస్టారు శాస్త్రిగారి కాళ్ళు కడిగి, ఆయన పంచె అంచు పట్టుకుని పొడిగా ఉందో లేదో నిజంగానే చూసి, నా వైపు తిరిగారు.

"పొద్దుగూకలేదండి. శాస్త్రిగారు పొడిగానే ఉన్నారు. అవయవాలు కూడా సరిగ్గానే ఉన్నాయి" అన్నారు లెక్క చూసినట్టు. "కానీ తీసుకొచ్చింది ఎవరన్నదే..."

నేను తలవంచుకుని, "బట్టలు కూడా తడిసిపోయాయండి. వెనక కూర్చుంటాను" అన్నాను.

శాస్త్రిగారు వెంటనే అందుకున్నారు. "తడిసినందుకే ముందు కూర్చోవాలి మాస్టారూ. ఏట్లో మునిగి, తడిబట్టతో వచ్చినవాడు ఇక్కడ ఈయనొక్కడే. మడి అంటే అదే కదూ? మనమంతా ఇస్త్రీ బట్టలతో వచ్చాం." ముందు వరుసలో ఉన్న పట్టుపంచెలన్నీ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. శాస్త్రానికి ఎదురు చెప్పలేక మాస్టారు పక్కకి జరిగారు. చాప తడుస్తుందని నా కింద ఒక అరిటాకు వేశారు.

అలా నేను కోరుకున్న చోటు నాకు దక్కింది. కూర్చున్నాను. గొంతు ఎత్తాను. మొదట వణుకు ఉన్నా నాలుగైదు శ్లోకాలకి స్వరం నిలబడింది. నేను అన్న ప్రతి పాదాన్నీ వెనకనుంచి గోష్ఠి అందుకుంటుంటే, గుడి పైకప్పు లేచి తిరిగి కూర్చున్నట్టుంది. ఇంతమందిని నేనే నడిపిస్తున్నానని ఒళ్ళు పులకరించింది. చల్లగాలి కూడా ఆ పులకరింతలో కొంత పాలు పంచుకుని ఉంటుంది. మాస్టారి చూపుడువేలు ఒక్కసారి కూడా లేవలేదు. అలా సగం దాటాక నీళ్ళ మీద పవళించిన స్వామిని కీర్తించే నామం ఒకటి వచ్చింది. ఆ నామం నోట్లో ఉండగానే నా మనసు గుళ్ళోంచి లేచి, కాలువ గట్టు పట్టుకుని, రేవులోకి దిగిపోయింది. నీళ్ళ మీద నా బండి పవళించి ఉంది. ఈపాటికి అద్దాలు కూడా మునిగాయా? తాడు బిగువుగానే ఉందా? సైలెన్సర్‌లోకి వెళ్ళిన నీళ్ళు ఇంజన్ దాకా వెళ్తాయా? కళ్ళు తెరిచి చూసేసరికి, ఏ నామం దగ్గర ఉన్నానో నాకు తెలియదు. ముందు ఏముందో తెలియదు. వెనక ఏమైందో తెలియదు. పుస్తకం అక్కర్లేదన్నవాణ్ణి కదా, పుస్తకమూ లేదు. నా మౌనం మైకులోంచి ఊరంతా వినిపించింది.

అయితే ఏమీ ఆగలేదు. వెనకనుంచి గోష్ఠి అదే లయలో, అదే స్థాయిలో, ఒక్క అక్షరం తడబడకుండా సాగిపోతూనే ఉంది. ఆడవాళ్ళ వైపు నుంచి పిన్నిగారి గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. ఎవరూ తల తిప్పి నన్ను చూడలేదు. అసలు వాళ్ళు నన్ను అందుకుంటున్నారని ఎవరు చెప్పారు నాకు? ఏళ్ళ తరబడి ప్రతి శనివారం వాళ్ళు వెళ్ళే దారే అది. నేను మధ్యలో ఎక్కాను, అంతే. పది నామాలు దాటాక ఎలాగో దారి దొరికి, గొంతు తగ్గించి, వాళ్ళ వెనకాలే కలిశాను. చివరి వరకూ మళ్ళీ ముందుకి వెళ్ళలేదు. ఆ పారాయణలో నిజంగా నా నోటినుంచి దేవుడి పేరు వచ్చింది ఆ రెండో సగంలోనే అనుకుంటాను. మొదటి సగమంతా నా పేరే వినిపించింది నాకు.

ప్రవచనంలో శాస్త్రిగారు నన్ను వదిలిపెట్టలేదు. పున్నమి చంద్రుడి ఉపమానం ఎత్తుకుని, "ఇది ఈవేళ నాకొక యువకుడు చెప్పాడు. చెప్పడమే కాదు, రేవులో నిరూపించి చూపించాడు" అన్నారు. అంతసేపు ఆపుకున్న నవ్వంతా అప్పుడు ఒక్కసారిగా వచ్చింది. పట్టుపంచెలు కూడా నవ్వాయి. నేనూ నవ్వాను, అరిటాకు మీద కూర్చునే.

తెల్లవారి నీళ్ళు తీశాక నలుగురు పట్టి బండిని గట్టెక్కించారు. మెకానిక్ దాన్ని విప్పి, "ఇంజన్లో సగం గోదారి ఉందండి" అని గర్వంగా చెప్పాడు. పరాయి ఊరివాడి బండిలోకి తమ ఏరు వెళ్ళినందుకు ఆయనకి నిజంగానే సంతోషం కలిగింది. అది ఆ తర్వాత నడిచింది గానీ, పోటు పెరిగే వేళకి దగ్గేది. మాస్టారు ఆ రాత్రి తీర్థం ఇస్తూ అన్న మాట ఒకటి మాత్రం ఇప్పటికీ తేలలేదు. "బాగా చెప్పేరండి" అన్నారు. "మధ్యలో ఆగేరు చూడండి, అక్కడ మరీ బాగుంది." అది వెక్కిరింతా, మెచ్చుకోలా? ఆయన ముఖంలో ఏమీ కనిపించలేదు. అడుగుదామని అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను, ఆయన వెళ్ళిపోయారు. మరుసటి ఏడు ఎవరూ నన్ను ముందు కూర్చోమనలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. ఇక్కడా ఒక గోష్ఠి ఉంది. మధ్యలో ఎక్కడో, స్తంభానికి ఆనుకుని కూర్చుంటాను. మైకు ముందున్న ఆయన గొంతు ఎప్పుడైనా తప్పిపోతుంది. మేం ఆగం, ఆయన వైపు చూడం, సాగిపోతూనే ఉంటాం. అలాంటప్పుడు ఆ కుర్రాడు నాకు గుర్తొస్తాడు. బురద కాళ్ళతో, వణికే దవడలతో, అరిటాకు మీద కూర్చుని, ఊరంతటినీ తన వెనక కట్టుకుని లాక్కెళ్తున్నానని నమ్మినవాడు. వాడి మీద కోపం రాదు. నవ్వొస్తుంది. కాస్త పక్కకి జరిగి, "ఇలా వచ్చి కూర్చో నాయనా, ఇక్కడ చాలా చోటుంది" అనాలనిపిస్తుంది.